మేజిక్: ది గ్యాదరింగ్‌లో ప్రాణుల దెబ్బల నియమాలు

మేజిక్: ది గ్యాదరింగ్ అనే ట్రేడింగ్ కార్డుల ఆటలో ప్రాణులు ఒకదానినొకటి ఎట్లు దెబ్బతీస్తాయి, ఆటగాళ్ళను ఎట్లు దెబ్బతీస్తాయి, ఎన్ని దెబ్బలకు ఏ ప్రాణి చనిపోతుంది అనే విషయాలను నిర్ణయించే నియమాల సముదాయమే దెబ్బల నియమాలు. ఆటలో అత్యధిక భాగం గెలుపోటములు ప్రాణుల పోరాటం మీదనే ఆధారపడి ఉండుటచేత ఈ నియమాలు ఆటకు వెన్నెముక వంటివి. 1993లో ఆట వెలువడిన నాటినుండి ఇవి మూడు పర్యాయములు గణనీయంగా మారాయి. ఆ మార్పులు 1999, 2009, 2024 సంవత్సరాలలో జరిగాయి.

ఈ ఆటలోని పదాలకు తెలుగులో స్థిరపడిన అనువాదాలు లేవు. కనుక ఈ వ్యాసంలో క్రీచర్ అనే కార్డును ప్రాణి అని, పవర్‌ను బలం అని, టఫ్‌నెస్‌ను దృఢత్వం అని, డామేజ్‌ను దెబ్బ అని వ్యవహరించడం జరిగింది. కార్డుల పేర్లు, ప్రత్యేక శక్తుల పేర్లు మాత్రం యథాతథంగా ఇవ్వబడ్డాయి.

నేపథ్యం

మేజిక్: ది గ్యాదరింగ్‌ను అమెరికాకు చెందిన గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించాడు. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ దీనిని 1993 ఆగస్టులో ప్రచురించింది. ఆల్ఫా అని పిలువబడే తొలి కూర్పులో 295 కార్డులు ఉన్నాయి. 1999లో ఈ సంస్థను హాస్‌బ్రో కొనుగోలు చేసింది. ఆధునిక ట్రేడింగ్ కార్డుల ఆటలకు ఇదే ఆద్యం.

సాధారణమైన ఆటలో ఇద్దరు ఆటగాళ్ళు ఉంటారు. ఒక్కొక్కరికి మొదట 20 ప్రాణాంకాలు ఉంటాయి. ప్రాణాంకాలు సున్నకు చేరిన ఆటగాడు ఓడిపోతాడు. ఎవరి కార్డుల కట్ట వారు ముందుగానే స్వయంగా కూర్చుకుంటారు. కట్టలో కనీసం 60 కార్డులు ఉండాలి. భూమి కార్డులనుండి మానా అనే శక్తిని పొంది, దానిని ఖర్చుచేసి మంత్రాలు వేస్తారు, ప్రాణులను రంగంలోకి దించుతారు. రంగంలోకి దిగిన ప్రాణులు ప్రత్యర్థి మీద దాడి చేయగలవు, ప్రత్యర్థి దాడిని అడ్డుకోగలవు.

ఆట నియమాలన్నీ కాంప్రహెన్సివ్ రూల్స్ అనే గ్రంథంలో సంఖ్యాక్రమంలో ఉంటాయి. అందులో 120వ నియమం దెబ్బల గురించి, 510వ నియమం పోరాటంలోని దెబ్బల దశ గురించి, 704వ నియమం ప్రాణులు చనిపోవుట వంటి స్వయంచాలక చర్యల గురించి వివరిస్తాయి.

బలము, దృఢత్వము

ప్రతి ప్రాణి కార్డుకు దిగువన కుడివైపు మూలలో గీతతో వేరుచేయబడిన రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది బలం, రెండవది దృఢత్వం. బలం ఆ ప్రాణి పోరాటంలో ఎన్ని దెబ్బలు వేయగలదో తెలుపుతుంది. దృఢత్వం ఎన్ని దెబ్బలకు అది నాశనమవుతుందో తెలుపుతుంది. ఆల్ఫా కూర్పులోని కొన్ని ప్రాణులు:

* గ్రిజ్లీ బేర్స్ - 2/2
* హిల్ జెయింట్ - 3/3
* క్రా వర్మ్ - 6/4
* సెర్రా ఏంజెల్ - 4/4
* శివన్ డ్రాగన్ - 5/5

క్రా వర్మ్ 6 దెబ్బలు వేయగలదు కానీ 4 దెబ్బలకే నాశనమవుతుంది. ఇటువంటి అసమతుల్యతే పోరాటంలో లెక్కలకు తావిస్తుంది. మంత్రాల వలన ఈ సంఖ్యలు పెరగవచ్చు, తరగవచ్చు. బలం సున్న లేక అంతకంటే తక్కువ అయిన ప్రాణి దెబ్బ వేయదు. అప్పుడు సున్న దెబ్బలు తగిలాయని కాక అసలు దెబ్బే తగలలేదని పరిగణిస్తారు. దెబ్బ తగిలినప్పుడు పనిచేసే శక్తులు ఏవీ ఆ సందర్భంలో పనిచేయవు.

దెబ్బ తగిలితే జరిగేది

ఒకే దెబ్బ దేనికి తగిలిందన్న దానినిబట్టి వేర్వేరు ఫలితాలను ఇస్తుంది.

* ఆటగాడికి తగిలితే అన్ని ప్రాణాంకాలు తగ్గుతాయి.
* ప్రాణికి తగిలితే అన్ని దెబ్బలు దాని మీద లెక్కలో ఉంటాయి. ప్రాణి దృఢత్వం మాత్రం తగ్గదు.
* ప్లేన్స్‌వాకర్ కార్డుకు తగిలితే దాని మీదనున్న లాయల్టీ కౌంటర్లు అన్ని తొలగిపోతాయి. ఈ రకం కార్డులు 2007లో లోర్విన్ కూర్పుతో వచ్చాయి.
* బ్యాటిల్ కార్డుకు తగిలితే దాని డిఫెన్స్ కౌంటర్లు తొలగిపోతాయి. ఈ రకం 2023లో ప్రవేశపెట్టబడింది.

వీటిలో రెండవ అంశం కొత్తవారిని తికమకపెడుతుంది. 3/3 ప్రాణికి 2 దెబ్బలు తగిలితే అది 3/1 అయిందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ఆ ప్రాణి ఇంకనూ 3/3గానే ఉన్నది, దాని మీద 2 దెబ్బలు లెక్కలో ఉన్నాయి. ఉదాహరణకు, దృఢత్వం 2 లేక అంతకు తక్కువ ఉన్న ప్రాణిని నాశనం చేసే మంత్రం దీని మీద పనిచేయదు.

పోరాట దశ

ప్రతి ఆటగాడి వంతులోను ఒక పోరాట దశ ఉంటుంది. అది ఐదు మెట్లుగా సాగుతుంది.

1. పోరాటారంభం. దాడికి ముందు మంత్రాలు వేయుటకు ఇది చివరి అవకాశం.
2. దాడి ప్రకటన. వంతు ఉన్న ఆటగాడు ఏయే ప్రాణులు దాడి చేస్తున్నాయో ఒకేసారి ప్రకటిస్తాడు. దాడి చేసే ప్రాణుల కార్డులను పక్కకు తిప్పుతారు. దీనిని ట్యాప్ చేయడం అంటారు. ఈ వంతు ఆరంభం నుండి ఎడతెగక తన అధీనంలో లేని ప్రాణి, అనగా కొత్తగా దిగిన ప్రాణి, దాడి చేయరాదు.
3. అడ్డు ప్రకటన. ప్రత్యర్థి తన ప్రాణులలో ఏది దేనిని అడ్డుకుంటుందో ప్రకటిస్తాడు. ట్యాప్ అయిన ప్రాణి అడ్డుకోజాలదు. కొత్తగా దిగిన ప్రాణి అడ్డుకోవచ్చును. ఒకే దాడిప్రాణిని ఎన్ని ప్రాణులైనా కలిసి అడ్డుకోవచ్చు. ఒక ప్రాణి మాత్రం సాధారణంగా ఒకదానినే అడ్డుకోగలదు.
4. దెబ్బలు. దాడి చేసినవి, అడ్డుకున్నవి తమ బలానికి సమానమైన దెబ్బలను ఒకేసారి వేస్తాయి.
5. పోరాటాంతం.

దాడిచేసే ఆటగాడు ప్రత్యర్థి ప్రాణిని నేరుగా గురిచేయలేడన్నది ఈ పద్ధతిలోని ముఖ్యవిషయం. అతడు ఆటగాడి మీదనో, ప్లేన్స్‌వాకర్ మీదనో, బ్యాటిల్ మీదనో మాత్రమే దాడి చేయగలడు. ఏ ప్రాణి దేనితో తలపడాలన్నది అడ్డుకునేవాడి చేతిలో ఉంటుంది. అందుచేత దాడి చేయడం ఎల్లప్పుడూ కొంత సాహసంతో కూడిన పని.

ఒకసారి అడ్డుకోబడిన ప్రాణి, తనను అడ్డుకున్న ప్రాణి ఆ తరువాత రంగం నుండి తొలగిపోయినప్పటికీ, అడ్డుకోబడినదిగానే ఉంటుంది. అది ఎవరికీ దెబ్బ వేయదు. కావున అడ్డు ప్రకటన తరువాత అడ్డుప్రాణిని చంపినంత మాత్రాన దెబ్బ ఆటగాడికి చేరదు. దారి తెరవాలంటే అడ్డు ప్రకటనకు ముందే చంపవలెను.

దెబ్బల పంపకం

అడ్డులేని ప్రాణి తన దెబ్బలన్నీ తాను దాడి చేసిన ఆటగాడికి గాని కార్డుకు గాని వేస్తుంది. ఒకే ప్రాణి అడ్డుకుంటే దెబ్బలన్నీ దానికే తగులుతాయి. రెండు లేక అంతకంటే ఎక్కువ ప్రాణులు అడ్డుకుంటే దాడిచేసిన ఆటగాడు తన ప్రాణి దెబ్బలను వాటి మధ్య తనకు ఇష్టం వచ్చినట్లు పంచవచ్చు. ముందుగా దాడి చేసిన ఆటగాడు పంపకాన్ని ప్రకటిస్తాడు, తరువాత అడ్డుకున్న ఆటగాడు ప్రకటిస్తాడు. పిమ్మట దెబ్బలన్నీ ఏకకాలంలో తగులుతాయి. ప్రకటనకు, దెబ్బ తగలడానికి మధ్య ఎవరూ ఏ మంత్రమూ వేయలేరు.

దెబ్బలు ఏకకాలంలో తగులుట వలన చనిపోబోయే ప్రాణి కూడా తన దెబ్బ తాను వేసి చనిపోతుంది. రెండు 2/2 ప్రాణులు తలపడితే రెండూ చనిపోతాయి. ఆటగాళ్ళిద్దరి ప్రాణాంకాలు ఒకేసారి సున్నకు చేరితే ఆట సమంగా ముగుస్తుంది.

ప్రాణి చనిపోవుట

దెబ్బ తానుగా ప్రాణిని చంపదు. దెబ్బ తగిలిన తరువాత ఆట ఒక తనిఖీ జరుపుతుంది. ఏ ఆటగాడికైనా మంత్రం వేసే అవకాశం లభించబోయే ప్రతిసారీ ఈ తనిఖీ జరుగుతుంది. దీనిలో జరిగే పనులను స్టేట్-బేస్డ్ యాక్షన్లు అంటారు, అనగా రంగం స్థితినిబట్టి తమంతట తామే జరిగే చర్యలు. వీటికి ఎవరూ ఎదురుమంత్రం వేయలేరు. ప్రాణులకు సంబంధించిన ముఖ్యమైన తనిఖీలు మూడు:

* దృఢత్వం సున్న లేక అంతకు తక్కువైన ప్రాణి శ్మశానానికి, అనగా దాని యజమాని వాడిన కార్డుల దొంతికి చేరుతుంది.
* దృఢత్వం సున్న కంటే ఎక్కువ ఉండి, తగిలిన మొత్తం దెబ్బలు దృఢత్వానికి సమానంగా గాని మించి గాని ఉన్న ప్రాణి నాశనమవుతుంది. ఇన్ని దెబ్బలను ప్రాణాంతకమైన దెబ్బ అంటారు.
* డెత్‌టచ్ శక్తి గలదాని నుండి ఒక్క దెబ్బ అయినా తగిలిన ప్రాణి నాశనమవుతుంది.

మొదటి తనిఖీకి, రెండవ తనిఖీకి ఉన్న భేదం సూక్ష్మమైనదే కాని ఆటలో దాని ప్రభావం ఎక్కువ. రెండవదానిలో ప్రాణి నాశనమవుతుంది. నాశనాన్ని అడ్డుకునే శక్తులు ఆటలో అనేకం కలవు. మొదటిదానిలో నాశనమనే మాటే లేదు. ప్రాణి నేరుగా శ్మశానానికి పోతుంది. కనుక దృఢత్వాన్ని తగ్గించే మంత్రం నుండి నాశనరహిత ప్రాణి కూడా తప్పించుకోలేదు.

దెబ్బలు చెరిగిపోవుట

ప్రతి వంతు చివర క్లీనప్ అనే మెట్టులో ప్రాణుల మీదనున్న దెబ్బలన్నీ చెరిగిపోతాయి. ఏ దెబ్బా మరుసటి వంతుకు మిగలదు. దీని వలన రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, వంతు తరువాత వంతు ప్రతి ప్రాణి మీద ఎన్ని దెబ్బలు ఉన్నాయో రాసిపెట్టుకోవలసిన అవసరం లేదు. రెండవది, పెద్ద ప్రాణిని చంపాలంటే ఒకే వంతులో అన్ని దెబ్బలనూ కూడగట్టవలసి ఉంటుంది. రోజుకొక దెబ్బతో దానిని అరగదీయడం కుదరదు.

అదే మెట్టులో, "వంతు ముగిసేవరకు" అని రాసి ఉన్న మంత్రాల ప్రభావం కూడా ముగుస్తుంది. ఈ రెండూ సరిగ్గా ఒకే క్షణంలో జరుగుతాయని నియమం. జెయింట్ గ్రోత్ అనే మంత్రం ప్రాణికి వంతు ముగిసేవరకు +3/+3 ఇస్తుంది. దీని వలన 5/5 అయిన గ్రిజ్లీ బేర్స్‌కు 4 దెబ్బలు తగిలాయనుకుందాం. మంత్ర ప్రభావం ముందు పోతే అది 4 దెబ్బలున్న 2/2గా మారి చనిపోయేది. రెండూ ఒకేసారి పోవడం వలన అది దెబ్బలేవీ లేని 2/2గా బతుకుతుంది.

అయితే మంత్ర ప్రభావం ఏ కారణం చేతనైనా వంతు మధ్యలోనే తొలగితే ఈ రక్షణ లేదు. అప్పటికి తగిలి ఉన్న దెబ్బలు తగ్గిన దృఢత్వంతో పోల్చబడతాయి.

ఒక ఉదాహరణ

రాము, సీత ఆడుతున్నారనుకుందాం. రాము తన క్రా వర్మ్‌తో (6/4) దాడి చేశాడు. సీత హిల్ జెయింట్ (3/3), గ్రిజ్లీ బేర్స్ (2/2) రెండింటితో అడ్డుకున్నది.

మంత్రాలేవీ లేకుంటే: సీత ప్రాణులు కలిసి క్రా వర్మ్‌కు 5 దెబ్బలు వేస్తాయి. దాని దృఢత్వం 4 కనుక అది చనిపోతుంది. క్రా వర్మ్‌కు ఉన్న 6 దెబ్బలలో హిల్ జెయింట్‌కు 3, గ్రిజ్లీ బేర్స్‌కు 3 వేస్తే ఆ రెండూ చనిపోతాయి. రాము ఒక ప్రాణిని, సీత రెండు ప్రాణులను కోల్పోతారు.

అడ్డు ప్రకటన తరువాత, దెబ్బలకు ముందు, సీత గ్రిజ్లీ బేర్స్ మీద జెయింట్ గ్రోత్ వేస్తే: అది 5/5 అవుతుంది. ఇప్పుడు రెండింటినీ చంపుటకు 8 దెబ్బలు కావాలి. రాము వద్ద 6 మాత్రమే ఉన్నాయి. అతడు ఏదో ఒకదానినే చంపగలడు.

రాము వద్ద లైట్నింగ్ బోల్ట్ ఉంటే: ఈ మంత్రం తాను ఎంచుకున్న లక్ష్యానికి 3 దెబ్బలు వేస్తుంది. సీత జెయింట్ గ్రోత్ వేసిన వెంటనే, అది ఫలించక ముందే, దానికి ఎదురుగా రాము గ్రిజ్లీ బేర్స్ మీద బోల్ట్ వేయవచ్చు. చివర వేసిన మంత్రం ముందు ఫలిస్తుంది. కనుక 2/2గా ఉన్నప్పుడే బేర్స్‌కు 3 దెబ్బలు తగిలి అది చనిపోతుంది, జెయింట్ గ్రోత్ లక్ష్యం లేక వ్యర్థమవుతుంది. క్రా వర్మ్‌కు హిల్ జెయింట్ నుండి 3 దెబ్బలే తగులుతాయి; దృఢత్వం 4 కనుక అది బతుకుతుంది, హిల్ జెయింట్ చనిపోతుంది. ఒక్క మంత్రాన్ని సరైన క్షణంలో వేయడం వలన రాము ఏ ప్రాణినీ కోల్పోక సీత ప్రాణులు రెండింటినీ తొలగించగలిగాడు.

ఇదే బోల్ట్‌ను రాము ముందుగా వేసి, దానికి ఎదురుగా సీత జెయింట్ గ్రోత్ వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. జెయింట్ గ్రోత్ ముందు ఫలించి బేర్స్ 5/5 అయ్యేది. ఆ తరువాత తగిలే 3 దెబ్బలు దానిని చంపలేవు. అయితే ఆ 3 దెబ్బలు లెక్కలోనే ఉంటాయి. పోరాటంలో దానిని చంపుటకు మరి 2 దెబ్బలు చాలు.

దెబ్బలను మార్చే శక్తులు

ఫస్ట్ స్ట్రైక్: ఈ శక్తి గల ప్రాణి మిగిలినవాటి కంటే ముందు దెబ్బ వేస్తుంది. పోరాటంలో ఇటువంటి ప్రాణి ఒక్కటున్నా దెబ్బల మెట్టు రెండుసార్లు జరుగుతుంది. మొదటిసారి ఈ శక్తి గలవి, రెండవసారి మిగిలినవి దెబ్బలు వేస్తాయి. మొదటి మెట్టులో చనిపోయిన ప్రాణి రెండవ మెట్టులో ఉండదు, కనుక తిరిగి కొట్టలేదు. ఆల్ఫాలోని వైట్ నైట్ 2/2 అయినప్పటికీ మరొక సాధారణ 2/2తో తలపడితే తాను బతికి దానిని చంపడానికి ఇదే కారణం. రెండు మెట్ల మధ్య మంత్రాలు వేయుటకు అవకాశం ఉంటుంది.

డబుల్ స్ట్రైక్: 2003లో లీజియన్స్ కూర్పుతో వచ్చింది. ఈ శక్తి గల ప్రాణి రెండు మెట్లలోనూ దెబ్బ వేస్తుంది.

ట్రాంపుల్: సాధారణంగా అడ్డుకోబడిన ప్రాణి ఆటగాడికి దెబ్బ వేయదు. ట్రాంపుల్ గలది అడ్డుప్రాణులన్నింటికీ ప్రాణాంతకమైన దెబ్బను కేటాయించి, మిగిలినదానిని ఆటగాడికి వేయగలదు. 3/3 వార్ మామత్‌ను 1/1 అడ్డుకుంటే దానికి 1, ఆటగాడికి 2 దెబ్బలు వేయవచ్చు. ఈ లెక్కలో అడ్డుప్రాణి మీద అంతకుముందే ఉన్న దెబ్బలను పరిగణిస్తారు. రాబోయే దెబ్బను నివారించే శక్తులను పరిగణించరు. అడ్డుప్రాణి రంగం నుండి తొలగిపోతే దెబ్బలన్నీ ఆటగాడికే వేయవచ్చు.

డెత్‌టచ్: దీని నుండి ఒక్క దెబ్బ తగిలినా ప్రాణి నాశనమవుతుంది. 1/1గా ఉన్న టైఫాయిడ్ రాట్స్ ఎంతటి పెద్ద ప్రాణినైనా చంపగలుగుట ఈ శక్తి వలననే. డెత్‌టచ్, ట్రాంపుల్ రెండూ ఉన్న ప్రాణి ఒక్కొక్క అడ్డుప్రాణికి ఒక్క దెబ్బ కేటాయించి మిగతావన్నీ ఆటగాడికి వేయవచ్చు.

లైఫ్‌లింక్: ఈ శక్తి గలది ఎన్ని దెబ్బలు వేస్తే దానిని నడిపే ఆటగాడికి అన్ని ప్రాణాంకాలు అదే క్షణంలో పెరుగుతాయి.

విథర్, ఇన్‌ఫెక్ట్: 2008లో షాడోమూర్ కూర్పుతో వచ్చిన విథర్ గల ప్రాణి ఇతర ప్రాణులను కొట్టినప్పుడు దెబ్బలకు బదులు -1/-1 కౌంటర్లు పడతాయి. ఇవి వంతు చివర చెరిగిపోవు. 2010 నాటి స్కార్స్ ఆఫ్ మిరోడిన్‌తో వచ్చిన ఇన్‌ఫెక్ట్ కూడా ప్రాణులపై ఇట్లే పనిచేస్తుంది. ఆటగాడిని కొడితే మాత్రం ప్రాణాంకాలు తగ్గుటకు బదులు విషపు కౌంటర్లు పడతాయి. 10 విషపు కౌంటర్లు చేరిన ఆటగాడు ఓడిపోతాడు.

దెబ్బల నుండి రక్షణ

దెబ్బల నుండి ప్రాణిని కాపాడుటకు వేర్వేరు మార్గాలున్నాయి. నివారణ మంత్రాలు దెబ్బ తగలకుండానే ఆపుతాయి. ఫాగ్ అనే మంత్రం ఆ వంతులోని పోరాటపు దెబ్బలన్నింటినీ నివారిస్తుంది. ప్రొటెక్షన్ అనే శక్తి ఒక రంగుకో లక్షణానికో చెందిన వాటి దెబ్బలను నివారిస్తుంది. వైట్ నైట్‌కు నల్లరంగు నుండి ఇట్టి రక్షణ ఉన్నది.

ఇండిస్ట్రక్టిబుల్ అయిన ప్రాణికి దెబ్బలు తగులుతాయి, లెక్కలోనూ ఉంటాయి, కాని వాటి వలన అది నాశనం కాదు. ఈ భావన 2004లో డార్క్‌స్టీల్ కూర్పుతో వచ్చింది. రీజెనరేషన్ ఆల్ఫా నుండి ఉన్న పాత శక్తి. ప్రాణి నాశనం కావలసిన సమయంలో దానికి బదులుగా ఆ ప్రాణి ట్యాప్ అయి, దాని మీది దెబ్బలన్నీ తొలగి, అది పోరాటం నుండి బయటపడుతుంది.

వీటిలో ఏదీ దృఢత్వం సున్న అయిన ప్రాణిని కాపాడలేదు. అట్లే, "ప్రాణాంకాలు కోల్పోవును" అని రాసి ఉన్న మంత్రాన్ని నివారణ ఆపలేదు. ఏలనన అది దెబ్బ కాదు.

పోరాటేతర దెబ్బలు

మంత్రాల వలన, ప్రాణుల శక్తుల వలన తగిలే దెబ్బలు పోరాటపు దెబ్బలు కావు. లైట్నింగ్ బోల్ట్ వంటి మంత్రంలో దెబ్బ వేసేది ఆ మంత్రమే. 2011లో ఇన్నిస్ట్రాడ్ కూర్పుతో ఫైట్ అనే పదం చేర్చబడింది. రెండు ప్రాణులు ఫైట్ చేస్తే ఒక్కొక్కటి తన బలానికి సమానమైన దెబ్బలను రెండవదానికి వేస్తుంది. ఇది పోరాటం కాదు గనుక ఫస్ట్ స్ట్రైక్ ఇక్కడ పనికిరాదు. డెత్‌టచ్, లైఫ్‌లింక్ మాత్రం పనిచేస్తాయి. రెండు ప్రాణులలో ఒకటి అప్పటికే రంగంలో లేకుంటే రెండవది కూడా దెబ్బ వేయదు, పొందదు.

కమాండర్ అనే ఆటవిధానంలో పోరాటపు దెబ్బలకు మరొక ప్రాముఖ్యం ఉన్నది. ఆ విధానంలో 40 ప్రాణాంకాలతో మొదలుపెడతారు. ఐనప్పటికీ ఒకే కమాండర్ నుండి మొత్తం 21 పోరాటపు దెబ్బలు తగిలిన ఆటగాడు ఓడిపోతాడు. మంత్రపు దెబ్బలు ఈ లెక్కలోకి రావు.

నియమాల చరిత్ర

1993 - 1999

తొలి సంవత్సరాలలో నియమాలు చెదురుమదురుగా ఉండేవి. దెబ్బ తగిలిన పిదప దానిని నివారించే మంత్రాలకు ప్రత్యేకమైన ఒక మెట్టు ఉండేది. ట్యాప్ అయిన అడ్డుప్రాణి దెబ్బ వేయదనే నియమం కూడా ఉండేది. కావున అడ్డుకున్న ప్రాణిని మంత్రంతో ట్యాప్ చేసి దాని దెబ్బను తప్పించుకునేవారు.

1999 - 2009

1999లో సిక్స్త్ ఎడిషన్‌తో నియమాలు సమూలంగా మార్చబడ్డాయి. మంత్రాలన్నీ స్టాక్ అనే ఒకే వరుసలో చేరి, చివర వేసినది ముందుగా ఫలించే పద్ధతి వచ్చింది. పోరాటపు దెబ్బలను కూడా ఈ స్టాక్ మీదనే ఉంచేవారు. అంటే, దెబ్బల పంపకం ప్రకటించిన తరువాత, అవి తగలక ముందు, ఆటగాళ్ళు మంత్రాలు వేయగలిగేవారు. పైన చెప్పిన ట్యాప్ నియమం కూడా అప్పుడే రద్దయింది.

ఈ పద్ధతి నేర్పరులకు గొప్ప అవకాశాలను ఇచ్చింది. మాగ్ ఫెనాటిక్ అనే 1/1 ప్రాణిని బలి ఇచ్చి ఏదైనా లక్ష్యానికి 1 దెబ్బ వేయవచ్చు. అది ఒక 2/2ను అడ్డుకున్నప్పుడు, దాని దెబ్బ స్టాక్ మీదకు చేరిన తరువాత దానిని బలి ఇచ్చేవారు. బలి ద్వారా 1 దెబ్బ, అప్పటికే స్టాక్ మీదనున్న 1 దెబ్బ కలిసి 2/2ను చంపేవి. అట్లే దెబ్బ స్టాక్ మీద ఉండగా ప్రాణిని తిరిగి చేతిలోకి తీసుకుంటే, అది దెబ్బ వేసేది కాని దెబ్బ తినేది కాదు.

2009 - 2024

2009 జులైలో మేజిక్ 2010 కూర్పుతో దెబ్బలు స్టాక్ మీదకు చేరే పద్ధతి తొలగించబడింది. ఈ మార్పులను ఆరన్ ఫోర్సైథ్, మార్క్ గాట్లీబ్ ప్రకటించారు. అప్పటినుండి మాగ్ ఫెనాటిక్ యజమాని రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది: పోరాటంలో దెబ్బ వేయనివ్వాలి, లేదా దానికి ముందే బలి ఇవ్వాలి.

ఈ మార్పు ఆటగాళ్ళ మధ్య తీవ్రమైన చర్చకు దారితీసింది. రంగంలో లేని ప్రాణి దెబ్బ వేయడం సహజబుద్ధికి అందదనీ, కొత్తవారు ఆ కిటుకు తెలియక ఓడిపోతున్నారనీ సమర్థకుల వాదన. పదేళ్ళుగా సాధన చేసిన నేర్పు ఒక్క ప్రకటనతో విలువ కోల్పోయిందనీ, అనేక కార్డులు బలహీనమయ్యాయనీ వ్యతిరేకుల వాదన. అయితే మార్పు వలన ఎంపిక లేకుండా పోలేదు. మునుపు రెండు లాభాలనూ పొందే చోట ఇప్పుడు ఒకదానిని వదులుకోవలసి వచ్చింది. ఆ నిర్ణయమూ నేర్పును కోరేదే.

ఇదే సందర్భంలో వరుసక్రమ నియమం కూడా చేరింది. పలు ప్రాణులు అడ్డుకున్నప్పుడు దాడిచేసేవాడు వాటిని వరుసలో పెట్టి, ముందున్నదానికి ప్రాణాంతకమైన దెబ్బ కేటాయించిన తరువాతనే తరువాతిదానికి పోవలసి ఉండేది. దెబ్బలు స్టాక్ మీద లేనందున, ఏ ప్రాణి ప్రమాదంలో ఉన్నదో అడ్డుకునేవానికి ముందుగా తెలియజేయుట ఈ వరుస వలన సాధ్యమైంది. లైఫ్‌లింక్, డెత్‌టచ్‌ల పనితీరు కూడా ఆ సంవత్సరమే మారింది.

2024 తరువాత

2024 నవంబరులో ఫౌండేషన్స్ కూర్పుతో వరుసక్రమ నియమం రద్దయింది. దాడిచేసేవాడు దెబ్బలు తగిలే క్షణంలోనే పంపకాన్ని స్వేచ్ఛగా నిర్ణయిస్తాడు. దీనివలన అడ్డుకునేవాడికి కొంత కష్టం పెరిగింది. తన ప్రాణులలో దేనికి ప్రమాదమో తెలియకుండానే రక్షణ మంత్రాన్ని వేయవలసి ఉంటుంది. ఒక ప్రాణిని అనేక ప్రాణులతో కలిసి అడ్డుకోవడం మునుపటి కంటే సాహసమైంది. మరొకవైపు నియమం నేర్చుకోవడం, నేర్పడం తేలికైంది.

ఇతర ఆటలతో పోలిక

పోకెమాన్ ట్రేడింగ్ కార్డుల ఆటలో (1996, జపాన్) దెబ్బలు వంతు చివర చెరిగిపోవు. వాటిని గుర్తించే కౌంటర్లు కార్డు మీదనే ఉంటాయి. యు-గి-ఓ! (1999, జపాన్) ఆటలో దెబ్బల లెక్క ప్రాణుల మీద ఉండదు. దాడికి దిగిన రెండు ప్రాణుల దాడి అంకెలను పోల్చి, తక్కువది నాశనమై, తేడా దాని యజమాని ప్రాణాంకాలనుండి తీసివేయబడుతుంది. కంప్యూటరు ఆట అయిన హార్త్‌స్టోన్‌లో (2014) దెబ్బలు శాశ్వతంగా మిగులుతాయి, దాడిచేసేవాడే లక్ష్యాన్ని ఎంచుకుంటాడు. లెక్కలు యంత్రమే చూసుకొనుట వలన అక్కడ దెబ్బలను గుర్తుంచుకోవలసిన భారం ఆటగాడి మీద లేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

* దెబ్బ తగిలితే దృఢత్వం తగ్గుతుందనుకొనుట. తగ్గదు.
* నిన్నటి వంతులోని దెబ్బలను నేటి వంతులో కలుపుకొనుట. ప్రతి వంతు చివర దెబ్బలు చెరిగిపోతాయి.
* అడ్డుప్రాణిని చంపితే దాడిప్రాణి దెబ్బ ఆటగాడికి చేరుతుందనుకొనుట. ట్రాంపుల్ ఉంటేనే చేరుతుంది.
* దాడిచేసిన ప్రాణిని ట్యాప్ చేస్తే దాడి ఆగిపోతుందనుకొనుట. దాడి ప్రకటన తరువాత ట్యాప్ చేయుట వలన ప్రయోజనం లేదు.
* ఇండిస్ట్రక్టిబుల్ ప్రాణి చావదనుకొనుట. దృఢత్వం సున్న అయితే చస్తుంది.
* దెబ్బల పంపకం విన్న తరువాత మంత్రం వేయబోవుట. 2009 నుండి ఇందుకు అవకాశం లేదు. మంత్రాన్ని అడ్డు ప్రకటన మెట్టులోనే వేయవలెను.

ఇవి కూడా చూడండి

* మేజిక్: ది గ్యాదరింగ్
* రిచర్డ్ గార్ఫీల్డ్
* ట్రేడింగ్ కార్డుల ఆటలు
* పోకెమాన్
* యు-గి-ఓ!